పటములకు తాళములేల?

దేశమును కొలుచుటకు ప్రజలే పన్ను చెల్లించిరి. కొలిచి గీసిన పటము కావలెనన్నచో మరల ఆ ప్రజలే వెల చెల్లింపవలెనట! 1767లో పుట్టిన భారత సర్వే శాఖ 250 ఏండ్లకు పైగా ఈ నేలను కొలుచుచున్నది. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటరు ఉపగ్రహముల కంటితో చూచుచున్నది. గ్రామముల హద్దులు రెవిన్యూవారి కడ, బాటలు రోడ్లశాఖ కడ, చెరువులు నీటిపారుదలవారి కడ, ఆసుపత్రుల పట్టిక ఆరోగ్యశాఖ కడ. ఒక్కొక్క బీరువాకు ఒక్కొక్క తాళము. వరదలో పడవ నడుపువానికి వీనిలో ఏ యొక్కటియు దారి చూపజాలదు. నాలుగును ఒక్కచోట చేరవలెను.

తాళములు తీసితిమి కదా యని ప్రభుత్వపక్షమువారు అడుగుదురు. 2021 ఫిబ్రవరి 15న వెలువడిన మార్గదర్శకములు, భారతీయులు పటము గీయుటకు ముందుగా అనుమతి పొందనక్కరలేదనినవి. ప్రపంచమున సులభముగ దొరకుదానిని ఇచట నిర్బంధింపనక్కరలేదని ప్రభుత్వమువారే యప్పుడు ఒప్పుకొనిరి. ఆ మేలును మేము మరువలేదు. కాని తక్కిన భాగమును చదువుడు: ప్రజాధనముతో సిద్ధమైన సమాచారము భారతీయులకు అందవలెనట, ప్రభుత్వశాఖలకు ఉచితముగను, ఇతరులకు న్యాయమైన వెలకును! పన్ను కట్టిన ప్రజలు ఎప్పటినుండి ‘ఇతరులు’ ఐరి?

వెల సంగతి అటుండనిండు. న్యాయవాదవృత్తిలోనున్న మాకు అంతకంటె పెద్ద చిక్కు లైసెన్సులో కనబడుచున్నది. చూచుటకు హక్కు వేరు, కలుపుటకు హక్కు వేరు. 2004లో ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ప్రజాపటమును లోకమందలి స్వచ్ఛందసేవకులు గీయుచున్నారు. ఏ దేశమువారైనను దానిని వాడుకొనవచ్చును, మూలమును పేర్కొనవలెను, దానినుండి కూర్చిన సమాచారమును వెలువరించినచో అదే షరతుపై ఇతరులకును ఈయవలెను. భారతీయులకు మాత్రమేయని యిచ్చిన హద్దురేఖను ఇట్టి పటమున చేర్చుట యెట్లు? ఇతరులు నడువరాదను షరతుగల స్థలమును ఊరిబాటలో కలుపుట యెట్టిదో ఇదియు అట్టిదే. ఫోనులో కంపెనీపటము ఉచితముగ కనబడుచుండ ఈ గోల యేల యనువారును గలరు. చూడనిత్తురు, నకలు తీసి మరియొక పటమున చేర్చనీయరు.

2010 జనవరి 12న హైతీదేశమున భూకంపము వచ్చునాటికి రాజధాని పోర్టోప్రిన్సుయొక్క ప్రజాపటము ఇంచుమించు ఖాళీ. ఉపగ్రహచిత్రముల యజమానులు వానిని వాడుకొననిచ్చిరి. దేశదేశములందు కూర్చుండినవారు కొలదిదినములలో వీధులు గీసిరి. సహాయకదళములు ఆ పటము చూచి నడచెను. అనుమతి రాకున్నచో ఆ చేతులన్నియు ఊరకుండెడివే. ఆ యేడే ఏప్రిల్ 1న బ్రిటిషు ఆర్డ్‌నెన్స్ సర్వే తన పటములు కొన్నింటిని ఉచితముగ విడుదల చేసెను. తాళమువేయుట మనకు నేర్పినవారే తమ తలుపు తీయుచుండ, ఆ తాళపుచెవిని మనమేల మొలత్రాట కట్టుకొని తిరుగవలెను?

కలుపుటయనగా కుప్పవోయుట యని మేము చెప్పుటలేదు. అమెరికా జనాభాలెక్కలశాఖవారి రోడ్లను 2007–08లో ప్రజాపటమున గుమ్మరింపగా, అనేకము తమ చోటున పడలేదు. దిద్దుటకు సేవకులకు ఏండ్లు పట్టినది. మనకడ చిక్కు మరియొక రీతిది. తెలంగాణమున 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 ఐనవి. ఆంధ్రప్రదేశమున 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 ఐనవి. పాతహద్దుల పటమునకు కొత్తపేర్ల పట్టికను జతపరచినవాడు ఒక మండలమును పరాయిజిల్లాలో పడవేయును. ఇక కొత్తపల్లి యని వ్రాసినచో ఏ కొత్తపల్లి? స్థానికసంస్థల జాబితాలో కేంద్రప్రభుత్వము గ్రామగ్రామమునకు సంఖ్య నిచ్చియే యున్నది. ప్రతిశాఖయు తన పట్టికలో ఆ సంఖ్యను వ్రాసిన చాలును.

రక్షణరహస్యములను ఎవరును కోరుటలేదు. హద్దులు, బాటలు, చెరువులు, కాలువలు, ఆసుపత్రులు — వీనిని వెలలేకుండ, మూలమును పేర్కొనుట తప్ప వేరు షరతు లేకుండ విడుదల చేయవలెను. శాసనసభ్యులు ఈ ప్రశ్నను తమ సభలలో అడుగవలెను. పఠనమందిరమున దీనిని చదువుచున్నవారు ఆలోపల తమ వీధిని, తమ ఊరిబావిని తెలుగుపేర్లతో ప్రజాపటమున చేర్చుదురుగాక. శాఖలవారు తలుపు తీయునాటికి మనవైపు పటము సిద్ధముగ నుండవలెను.