ఊరంటే పడవ

ఊళ్ళకంటే అగ్నిపర్వతాలు ఎక్కువగా ఉన్న జిల్లా ఏది అని ఎవరైనా నన్ను అడిగి ఉంటే, ఇదేదో పొడుపుకథ కాబోలు అనుకునేదాన్ని. నిజంగానే అలాంటిది ఒకటి ఉన్నది. ఫిలిప్పీన్సు దేశంలో, మిందనావ్ అనే పెద్ద దీవికి ఉత్తరాన, సముద్రంలో ఒంటరిగా నిలబడ్డ చిన్న దీవి. పేరు కామిగిన్. వైశాల్యం సుమారు 240 చదరపు కిలోమీటర్లు. జనం లక్షకు లోపే. 1966లో చట్టం చేసి దీన్ని ప్రత్యేక ప్రావిన్సుగా విడదీశారు. ప్రావిన్సంటే మన లెక్కలో జిల్లా అనుకోండి. అందులో మునిసిపాలిటీలు అయిదు. అగ్నిపర్వతాలు, అక్కడివాళ్ళ లెక్క ప్రకారం, ఏడు. ఏడుకొండలనగానే చేతులు జోడించటం మనకు అలవాటు గదా. అక్కడివాళ్ళు కూడా జోడిస్తారు. కాకపోతే కాస్త భయంతో జోడిస్తారు.

నేను చెప్పబోయేది ఆ అయిదింట్లో ఒకటైన కతార్మన్ సంగతి.

మునిసిపాలిటీ అనగానే మీ కళ్ళ ముందు కొళాయి దగ్గర బిందెల వరుసా, పన్నుల బిల్లు పట్టుకొచ్చే గుమాస్తా మెదిలితే తప్పు మీది కాదు. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. కొబ్బరితోటలు, కొండవాలు చేలు, జాలరి గుడిసెలు, ఒక బజారు, ఒక చర్చి, ఒక బడి అన్నీ కలిపి మునిసిపాలిటీ. మన మండలానికి దగ్గర. దానికొక మేయరు, ఒక ఉపమేయరు, ఎన్నికైన ఎనిమిదిమంది సభ్యులు ఉంటారు. దాని కింద మళ్ళీ పల్లెలు. కతార్మన్‌లో అలాంటి పల్లెలు 14. వాటిని 'బరంగాయ్' అంటారు.

తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని కాబట్టి కొత్త మాట వినపడితే దాని పుట్టుపూర్వోత్తరాలు అడగకుండా ఉండలేను. బరంగాయ్ అనే మాటకు మూలం 'బలంగాయ్'. అంటే పడవ. పూర్వం చుట్టపక్కాలందరూ ఒక పడవెక్కి వచ్చి ఒక తీరాన దిగి, అక్కడ కట్టుకున్న పల్లెకు ఆ పడవ పేరే పెట్టుకున్నారట. పడవ నడిపినవాడే పల్లె పెద్ద. ఇది ఉత్త పుక్కిటి పురాణం కాదు. కామిగిన్‌కు ఎదురుగా మిందనావ్ తీరాన ఉన్న బుతువాన్ దగ్గర, 1970లలో, వందల ఏళ్ళనాటి చెక్క పడవలు భూమిలోంచి బయటపడ్డాయి. ప్రభుత్వ కాగితాల మీద ఈనాటికీ ఆ దేశంలో ప్రతి పల్లే ఒక పడవే.

మనకు ఊరంటే నేల. పొలిమేర, చెరువుగట్టు, రచ్చబండ. కదలనిదే ఊరు. వాళ్ళకు ఊరంటే పడవ. ఈ తేడా మొదట నాకు నిఘంటువులో పదార్థంలాగే కనిపించింది. కతార్మన్ చరిత్ర తెలిశాకగాని దాని బరువు తెలియలేదు.

నేను అక్కడికెందుకు వెళ్ళానంటారా? మా అక్క కూతురు మిందనావ్‌లోని దావావ్ నగరంలో వైద్యం చదువుతోంది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే చదువుతున్నారు. "పిన్నీ, సెలవుల్లో రాకూడదూ! సముద్రంలో శ్మశానం చూపిస్తాను," అని ఫోను చేసింది. చుట్టాన్ని పిలవటానికి ఇంతకంటే మంచి మాట దొరకలేదుటే అని నవ్వాను గాని, వెళ్ళాను. దావావ్ నుంచి బస్సులో ఉత్తర తీరానికి, బలింగోవాన్ రేవులో ఓడెక్కి గంటపైన ప్రయాణం చేసి దీవికీ చేరాం. దీవి చుట్టూ రోడ్డు ఉన్నది. మొత్తం 64 కిలోమీటర్లు. ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, మధ్యలో మనిషి.

1871కి ముందు కతార్మన్ ఇప్పుడున్న చోట లేదు. దీవికి వాయవ్యంగా, సముద్రపుటొడ్డున ఉండేది. మనీలా నార అని మనం వింటూంటామే, ఓడల మోకులకు వాడేది, ఆ నార ఇచ్చే అబాకా పంటకు ఈ దీవి పెట్టింది పేరు. ఉప్పునీటికి చివకని నార అది. స్పెయిను పాలన. పగడపు రాళ్ళతో కట్టిన చర్చి, గంటగోపురం, పక్కన ఫాదరీల నివాసం, కొంచెం అవతల శ్మశానం. బతుకూ చావూ కూతవేటు దూరంలో ఉండేవన్నమాట.

ఆ ఏడాది మొదట్లోనే భూమి కంపించటం మొదలుపెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, నెలల తరబడి. నేల కింద గుర్రుగుర్రుమని చప్పుళ్ళు. ఏప్రిల్ 30న ఊరికి నాలుగు వందల గజాల దూరంలో భూమి పగిలి నిప్పు కక్కింది. అంతకుముందు అక్కడ కొండ లేదు. మనుషుల కళ్ళెదుట పుట్టి, నాలుగేళ్ళపాటు పెరిగింది. లావా సముద్రం దాకా పారింది. ఊరు పోయింది. తీరంలో కొంతమేర నేల కుంగి, శ్మశానంతో సహా సముద్రంలోకి దిగిపోయింది. 1875లో సముద్ర పరిశోధనకని లోకమంతా తిరుగుతున్న 'ఛాలెంజర్' అనే ఇంగ్లీషు ఓడ అటు వచ్చేసరికి ఆ కొత్త కొండ 1,950 అడుగుల ఎత్తున, ఇంకా పొగలు కక్కుతూ, శిఖరాన ఎర్రగా మండుతూ కనిపించిందట. దానికి వుల్కాన్ అని పేరు. ఇప్పుడు దాన్ని 'పాత అగ్నిపర్వతం' అంటారు. నిజానికి దీవిలో అన్నిటికంటే పసిది అదే!

ఊరివాళ్ళలో చాలామంది పక్క తీరాలకు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు దీవిలోనే దక్షిణంగా జరిగి, కొత్త చోట ఊరు కట్టుకున్నారు. పేరు మాత్రం మార్చలేదు. కతార్మన్ అనే అన్నారు. పడవ ఒక రేవు వదిలి ఇంకో రేవులో ఆగినంత మాత్రాన పడవ పేరు మారుతుందా?

పాత ఊరు ఉన్న చోటును ఇప్పుడు బోన్‌బోన్ అంటారు. చర్చి గోడలు, గోపురం మొండెం ఇంకా నిలబడి ఉన్నాయి. నాచు పట్టి, రాతి సందుల్లోంచి మొక్కలు మొలిచి, పైకప్పు లేక ఆకాశం కనిపిస్తుంది. ఆ పాత ఊరికి 'కోట బాతో' అనే పేరు కూడా ఉన్నది. ఆ మాట వినగానే నేను రోడ్డు మధ్యలోనే ఆగిపోయాను. 'బాతో' అంటే రాయి. 'కోట' అంటే? వేరే చెప్పాలా! ఇది ద్రావిడ భాషల సొత్తేనని చాలామంది భాషావేత్తలు అంటారు. సంస్కృతంలోకి ఎక్కి, మలయా భాషలోకి దిగి, వర్తకుల నోట సముద్రాలు దాటి ఇక్కడి దాకా వచ్చింది. ఆ దేశంలో పంతులును 'గురో' అంటారు, ముఖాన్ని 'ముఖా' అంటారు, చెట్టుపుట్టల్లో ఉండే దేవతను 'దివాతా' అంటారు. మాటలు కూడా పడవ లెక్కిన చుట్టాలే. అవి దిగిన ఊళ్ళలో ఒకటి నీట మునిగిందని తెలిస్తే మనసు చివుక్కుమన్నది.

ఒడ్డు నుంచి చూస్తే నీళ్ళలో పెద్ద శిలువ కనిపిస్తుంది. 1982లో నిలబెట్టారు, కింద శ్మశానం ఉన్నదని గుర్తుగా. పడవలో దగ్గరికి వెళ్ళవచ్చు. కళ్ళకు అద్దాల తొడుగు పెట్టుకుని నీళ్ళలోకి దిగి చూసేవాళ్ళు ఎందరో. మా పిల్ల దిగింది. పగడపు దిబ్బలు, రంగురంగుల చేపలు తప్ప సమాధి రాళ్ళేవో పోల్చుకోలేకపోయానన్నది. నేను పడవలోనే కూర్చున్నాను. పడవ నడిపేవాడు అరవై దాటిన మనిషి. శిలువ దగ్గర తెడ్డు ఆపాడేగాని లంగరు వెయ్యలేదు.

"లంగరు వెయ్యవా?" అని అడిగాను.

"ఇక్కడ వెయ్యను, మామ్. పగడం విరుగుతుందని ఆఫీసువాళ్ళు చెబుతారు. మా అమ్మమ్మ అయితే ఇంకో కారణం చెప్పేది. కింద మనవాళ్ళున్నారు, నెత్తిన ఇనుము పడేస్తామా అనేది," అన్నాడు.

నవంబరు 1న ఆ దేశమంతా సమాధుల దగ్గరికి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తారు. "మరి మీరేం చేస్తారు?" అన్నాను. ఆ సాయంత్రం అమ్మమ్మ ఒడ్డున ఇసుకలో ఒక కొవ్వొత్తి గుచ్చేదట. ఎవరి సమాధి ఏదో ఆవిడకూ తెలియదు. "ఒక్కటి చాలు, వాళ్ళలో వాళ్ళు పంచుకుంటారు," అనేదట.

"ఇంత జరిగినా ఈ దీవిలోనే ఎందుకున్నారయ్యా?" అనే ప్రశ్న నా నోటి దాకా వచ్చింది. అడగకుండానే జవాబు సాయంత్రం బజారులో దొరికింది. లాంసోనెస్ అనే పండు. గుత్తులు గుత్తులుగా, మన పనసలాగా మానుకే కాస్తుంది. నిమ్మకాయకంటే చిన్నది, మట్టిరంగు పొట్టు తీస్తే అద్దంలాంటి తెల్లని తొనలు. ఒకప్పుడు ఇది విషఫలమనీ, ఒక దివాతా వచ్చి గిల్లితే విషం విరిగి తీపి పట్టిందనీ కథ. తొన మీద ఆ గిల్లిన గుర్తు కూడా చూపిస్తారు. ఏటా అక్టోబరులో దీనికి పండగ చేస్తారు. అగ్నిపర్వతాల బూడిద కలిసిన నేల వల్లనే తమ పండుకు ఇంత తీపి అని అక్కడివాళ్ళ నమ్మకం. కొట్టిన చెయ్యే పెడుతున్నదన్నమాట.

అయితే కొట్టిన చేతిని మరిచిపోతే బతుకు సాగదు. ఇది వాళ్ళకు రెండోసారి ఇంకా ఘోరంగా తెలిసింది. పక్క మునిసిపాలిటీ మంబహావ్ మీద, హిబోక్ హిబోక్ అనే కొండ 1948 నుంచి రగులుతూ వచ్చి, 1951 డిసెంబరు 4న ఎర్రగా కాలిన బూడిదనూ ఆవిరినీ వాలు వెంట దొర్లించింది. పరుగెత్తే మనిషికి అందని వేగం అది. అయిదు వందలమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది, 1952లో, అగ్నిపర్వతాలను కనిపెట్టి చూడటానికి ఆ దేశం ఒక ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. దేశంలో అలాంటిది అదే మొదలు. ఈనాటికీ ఆ దీవిలో ఒక పరిశీలన కేంద్రం కొండ నాడి పట్టుకుని కూర్చుని ఉంటుంది.

1871లోనూ భూమి నెలల ముందే చెప్పింది. కాని ఆ చెప్పింది రాసుకునే ఉద్యోగం అప్పుడు అక్కడ ఎవరికీ లేదు. ఇప్పుడు ఉన్నది. ఆ రెండు కాలాల మధ్య తేడా అంతా ఈ ఒక్క ఉద్యోగంలోనే ఉన్నదని నాకనిపిస్తుంది.

పోయినవాళ్ళను తలుచుకోవటానికి ఆ దీవివాళ్ళకు ఇంకో పద్ధతి ఉన్నది. ఈస్టరుకు ముందు పవిత్ర వారంలో మొక్కుకున్నవాళ్ళు దీవి చుట్టూ ఆ 64 కిలోమీటర్లూ కాలినడకన తిరుగుతారు. 'పనాద్' అంటారు. మన సింహాచలం గిరిప్రదక్షిణ ఎరిగినవాళ్ళకు ఇది వివరించనక్కరలేదు. నడిచి నడిచి చివరికి ఎక్కేదెక్కడికి? ఊరిని మింగిన ఆ వుల్కాన్ కొండ మీదికే! క్రీస్తు శిలువ మోసిన ఘట్టాలను విగ్రహాలుగా ఆ వాలులోనే మెట్ల వెంట నిలిపారు. దుఃఖం పుట్టిన చోటికే ఏటా కాళ్ళతో వెళ్ళి రావటం సామాన్యమైన సంగతి కాదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1998 నాటి మత్స్య చట్టం ప్రకారం అక్కడ తీరం నుంచి 15 కిలోమీటర్ల దాకా సముద్రం ఆ మునిసిపాలిటీ అధీనంలో ఉంటుంది. పెద్ద మరపడవలవాళ్ళు వచ్చి ఊడ్చుకుపోకుండా చిన్న జాలర్ల కోసం చేసిన ఏర్పాటు. ఈ మధ్య దీన్ని కాదంటూ కొందరు కోర్టుకెక్కారు. తీరప్రాంతపు జాలర్లంతా ఆందోళనలో పడ్డారు. కతార్మన్‌వాళ్ళకు ఆ నీళ్ళంటే చేపలొక్కటే కాదు గదా. వాళ్ళ తాతముత్తాతలు పడుకున్నది కూడా ఆ పదిహేను కిలోమీటర్లలోనే.

పోయిన ఊరిని తలుచుకుని కన్నీళ్ళు పెట్టటం అందరికీ చేతనవును. కన్నీళ్ళు తుడుచుకుని, రేపు కొండ ఏం చేస్తుందోనని రోజూ లెక్క రాసుకోవటం, కింద ఉన్నవాళ్ళ మీద లంగరు పడకుండా చూసుకోవటం కష్టం. నేల పోతే ఊరు పోయిందనుకునేవాళ్ళ లెక్కలో కతార్మన్ 1871లోనే ముగిసింది. అక్కడి పద్నాలుగు పడవలూ మాత్రం ఈ ఉదయం కూడా బజారు తెరిచి, పిల్లల్ని బడికి పంపి, ఒక కన్ను కొండ మీదా, ఒక కన్ను నీళ్ళ మీదా వేసి ఉంచాయి.