మంథనిలో పుట్టకొక్కులకు కర్ర మేకులెందుకు?

ఈ మధ్య మా ఆఫీసులో ఎవర్ని కదిపినా వ్యవసాయం మాటే. ఈ ఏడు మిద్దె మీద టమాటాలు, వచ్చే ఏడు రాజీనామా, ఆ పై ఏడు ఊళ్ళో పుట్టగొడుగుల ఫారం. ఇదీ మనవాళ్ళ రోడ్‌మ్యాప్. అందులో కొత్త మోజు డోవెల్ స్పాన్. నాది మంథని అని తెలియగానే "మీ దగ్గర అడవి ఉంది, దుంగలకేం కొదవ, మొదలుపెట్టొచ్చు కదా" అంటున్నారు. అందరికీ కలిపి ఒకటే జవాబు రాస్తున్నా.

ముందు ఆ పద్ధతేమిటో చూద్దాం. డోవెల్ అంటే వడ్రంగి రెండు చెక్కల్ని కలపడానికి వాడే గుండ్రటి కర్ర మేకు. ఎక్కువగా 8 మి.మీ. మందం, ఒక అంగుళం పొడవు ఉంటుంది. వీటిని రాత్రంతా నానబెట్టి, ప్రెషర్ కుక్కర్‌లో గంటకు పైగా ఆవిరి పట్టించి, చల్లారాక పుట్టగొడుగు విత్తనం కలిపి శుభ్రమైన సీసాలో పెడతారు. కొన్ని వారాల్లో మేకుల చుట్టూ తెల్లటి దారాలు అల్లుకుంటాయి. అదే మైసీలియం. తర్వాత కొత్తగా కొట్టిన దుంగకు నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎడంతో రంధ్రాలు వేసి, మేకులు దిగ్గొట్టి, మైనంతో మూసి, నీడలో పెట్టాలి. ఇక ఆర్నెల్లో, ఏడాదో ఎదురుచూడ్డమే. ఒకసారి మొదలైతే అదే దుంగ కొన్నేళ్ళ పాటు కాస్తుంది.

పద్ధతి బంగారం. కాకపోతే అది చలిదేశాల అడవుల కోసం పుట్టింది. జపాన్‌వాళ్ళు ఓక్ దుంగల మీద షిటాకే పెంచడం దీనికి మంచి ఉదాహరణ. మంథని పక్కనే రామగుండం. ఎండాకాలం అక్కడ 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అందులో దుంగను ఏడాది పొడుగునా తడి ఆరకుండా కాపాడడమంటే దానికో మనిషిని పెట్టాలి. పైగా మా వైపు పేరున్న చెక్క టేకు. బూజుని దగ్గరికి రానివ్వదు కాబట్టే దాంతో తలుపులు చేయించుకుంటాం! చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కూడా కావాలి. వేరే వాతావరణానికి రాసిన కోడ్‌ని మన సర్వర్ మీద పడేసి, నడవట్లేదేమని తల పట్టుకోవడం ఎందుకు?

మా దగ్గర కొదవలేనిది వరిగడ్డి. మిషన్ కోతలు వచ్చాక చాలా చోట్ల గడ్డిని పొలంలోనే తగలబెడుతున్నారు. నన్నడిగితే మన డోవెల్ అదే. రెండంగుళాల ముక్కలుగా కోసి, నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచి, పిండితే చుక్క రాలనంతగా ఆరబెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో గడ్డి ఒక వరుస, జొన్న గింజల మీద పెంచిన విత్తనం ఒక వరుస. చలికాలానికి ముత్యపు చిప్ప పుట్టగొడుగు బాగుంటుంది, నెల తిరక్కుండానే మొదటి కోత వస్తుంది. ఎండలకు పాల పుట్టగొడుగు. 1974లో పశ్చిమ బెంగాల్‌లో గుర్తించిన ఈ రకాన్ని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు సాగుకు తెచ్చి, 1998లో ఏపీకే2 అని విడుదల చేశారు. 30, 35 డిగ్రీల్లోనూ పెరుగుతుంది. మనకు కావలసింది ఇదే కదా! అంతకు మించిన ఎండల్లో తడి గోనెపట్టాలు కట్టిన గది తప్పదు. సంచిలో దారాలు నిండాక పైన ఆవిరి పట్టించిన మట్టి పొర వేయడమొకటే అదనపు పని. సంచిలో పచ్చ బూజు కనిపిస్తే మాత్రం జాలిపడకుండా దూరంగా పారేయాలి.

ఇంకో తమాషా చెప్పనా? మన 'పుట్టగొడుగు' అన్న మాటలోనే ఒక సాగు పద్ధతి దాగుంది. చెదపురుగులు ఎండు కర్రనీ, ఆకునీ నమిలి, విత్తనంతో సహా విసర్జించి, పుట్ట లోపల తేనెపట్టులాంటి అరలు కడతాయి. వాటి మీద బూజు పెంచి తింటాయి. వానలు పడ్డాక ఆ బూజే పుట్టకొక్కై పైకొస్తుంది. కర్రకు విత్తనం పట్టించడమనే డోవెల్ కిటుకు చెదలకు దాదాపు మూడు కోట్ల ఏళ్ళ నుంచీ తెలుసు. వానాకాలంలో మనం లొట్టలేసుకునే ఆ రకాన్ని చెదల సాయం లేకుండా మనుషులింకా సాగు చేయలేకపోతున్నారు. అడవిలో ఏరుకొచ్చేవాళ్ళకే అది దక్కుతుంది. అదీ బాగా గుర్తుపట్టేవాళ్ళతోనే వెళ్ళాలి, పొరపాటు పడితే ప్రాణం మీదికొస్తుంది.

మంథని వేదపండితుల ఊరు. మనుస్మృతి ఉల్లి, వెల్లుల్లి పక్కనే పుట్టగొడుగుల్నీ కూడని జాబితాలో వేసింది. ఇప్పటికీ వీటిని వంటింట్లోకి రానివ్వని ఇళ్ళున్నాయి. తినమని ఎవర్నీ బలవంతపెట్టక్కర్లేదు. కానీ ఊళ్ళో కొనేదెవరో లెక్క వేసుకోకుండా ఫారం పెట్టొద్దు. చిప్ప పుట్టగొడుగు ఫ్రిజ్ లేకపోతే ఒకట్రెండు రోజులకే వాడిపోతుంది. హైదరాబాద్ నాలుగైదు గంటల దూరం. పాల పుట్టగొడుగు ఇంకొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది.

నా భయమల్లా ఇక్కడే. మనకిది వీకెండ్ సరదా, కిట్టు పాడైతే ఇంకోటి ఆర్డర్ చేస్తాం. మనం చెప్పింది విని ఊళ్ళో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న తమ్ముడు అప్పు చేసి షెడ్డు వేస్తాడు. "విత్తనం మేమిస్తాం, పంటంతా మేమే కొంటాం" అనేవాడు దొరికితే ఇంకేం కావాలి అనుకుంటాడు. కాగితం మీద సంతకం లేని ఆ హామీని నమ్మొద్దని చెప్పాల్సింది మనమే. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉద్యాన పరిశోధనా సంస్థ ఉంది, సోలన్‌లో పుట్టగొడుగుల పరిశోధన సంస్థ ఉంది. శిక్షణ ఇస్తారు, విత్తనమూ దొరుకుతుంది. బెంగళూరులో ఉన్నవాళ్ళకైతే ఒక శనివారం ట్రాఫిక్ పాటి దూరం.

కాబట్టి మేకుల సరదా ఉంటే తీర్చుకోండి, కాదన్ను. ఊరికి పంపేది మాత్రం మేకుల పొట్లం కాదు, పది సంచులకు సరిపడా మంచి విత్తనం పంపండి. పదికి పదీ కాసి, చుట్టుపక్కల అమ్ముడుపోయాక అప్పుడు షెడ్డు సంగతి మాట్లాడుకుందాం. ఏమంటారు?