స్టెంటు స్టిక్కర్ అడిగి తీసుకోండి

ఊళ్లో ఉచిత గుండె పరీక్షల క్యాంపు పెట్టి, ఈసీజీ తీసి, 'బ్లాకులున్నట్టున్నాయి, ఆరోగ్య కార్డుంది కాబట్టి పైసా ఖర్చు లేదు, రేపు బండి పంపిస్తాం' అంటే తొందరపడి ఎక్కకండి. నొప్పి, ఆయాసం ఉంటే క్షణం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఏ బాధా లేనివాళ్లు మాత్రం సత్తెనపల్లి ఏరియా ఆసుపత్రిలోనో, గుంటూరు జీజీహెచ్‌లోనో ఇంకోసారి చూపించుకోవాలి.

2024 నవంబరులో గుజరాత్‌లోని బోరిసణా గ్రామస్థులు అలాంటి బండే ఎక్కారు. క్యాంపు అయిన మర్నాడే 19 మందిని అహ్మదాబాద్‌లోని ఖ్యాతి ఆసుపత్రికి తరలించి యాంజియోగ్రామ్ చేశారు. ఏడుగురికి స్టెంట్లు వేశారు. ఇద్దరు చనిపోయారు. అవసరం లేకుండానే, ఆయుష్మాన్ భారత్ పథకం బిల్లుల కోసం చేశారన్న అభియోగంపై పోలీసులు కేసు పెట్టారు.

అది గుజరాత్ సంగతి, మనకెందుకు అనుకోకండి. మన దగ్గరా బిల్లు కట్టేది ఎన్టీఆర్ వైద్య సేవ పథకం, కార్డు రోగిది, లెక్క రాసేది ఆసుపత్రి. వైద్యం డబ్బులో అక్రమాల ఆరోపణలు మనకూ కొత్త కాదు: ఈఎస్ఐ ఆసుపత్రుల కొనుగోళ్లపై తెలంగాణలో 2019లో, మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఏసీబీ అరెస్టులు చేసింది.

ఇక స్టెంటు ధర. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర పెట్టేదాకా, మందు పూత ఉన్న స్టెంటుకు సగటు ఎమ్మార్పీ 1,21,400 రూపాయలు. ఒక్క ఉత్తర్వుతో అది 29,600కు దిగింది. మిగతాదంతా అన్నేళ్లూ ఎవరి జేబులోకి పోయినట్టు? ఎక్కువ ధర ఉంటేనే మంచి స్టెంటు అనుకోకండి. 'కార్డులో వచ్చేది నాసిరకం, పై డబ్బు కడితే మంచిది వేస్తాం' అన్న మాట నమ్మకండి. ఎన్టీఆర్ వైద్య సేవలో స్టెంటు ఖర్చు ప్యాకేజీలోనే ఉంటుంది. రూపాయి అడిగినా రసీదు అడగండి.

స్టెంటు పెట్టె మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లుంటాయి. ఒకటి డిశ్చార్జి కాగితం మీద అంటించమనండి. ఖాళీ కాగితాల మీద వేలిముద్ర వేయొద్దు. మిర్చి కోతల హడావుడిలో ఉన్నాం, తర్వాత చూద్దాం అని వదిలేయొద్దు. పథకం నమోదులో మీ ఇంటి ఫోన్ నంబరే రాయించండి. ఆయుష్మాన్ భారత్‌లో 9999999999 అనే ఒక్క నంబరు మీదే దాదాపు ఏడున్నర లక్షల మంది నమోదై ఉన్నారని కాగ్ 2023లో బయటపెట్టింది. అలాంటి నమోదుల్లో రోగి పేరిట ఏ బిల్లు పోయినా రోగికి కబురందదు.

ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్ర, అంటే పాత ఆరోగ్యమిత్ర, మీ తరఫు మనిషి. ఏం ఆపరేషన్, ఎంతకు అనుమతి వచ్చిందో ఆయన్నే అడగండి. చెప్పకపోతే అక్కడి నుంచే 104కు ఫోన్ చేయండి.