పిల్లలకు రెండో పుస్తకం ఇద్దాం!

అమ్మలారా, అయ్యలారా, మనవల్ని బడి దగ్గర దిగబెట్టి వచ్చే తాతలారా!

గ్రహణం వచ్చిందంటే మన ఊళ్లలో ఒక తమాషా తప్పదు. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి నడిమధ్య రోకలి నిలబెడతారు. అది నిలబడుతుంది. చుట్టూ జనం మూగుతారు, ఫోన్లలో ఫొటోలు తీస్తారు. గ్రహణం విడిచాక రోకలి తనంతట తనే పడిపోతుందని ఓ పెద్దమ్మ చెబుతుంది. ఆ ఫొటో వాట్సాప్‌లో ఊళ్లన్నీ తిరుగుతుంది.

ఆ గుంపులోంచి ఏ ఏడేళ్ల పిల్లో "రేపు నిలబెడితే నిలబడదా?" అని అడిగిందనుకోండి. ఏమంటాం? "నోర్ముయ్, కళ్లు పోతాయి" అంటాం.

నిలబడుతుంది తల్లీ! రేపూ నిలబడుతుంది, ఏకాదశి నాడూ నిలబడుతుంది, అట్లతద్ది నాడూ నిలబడుతుంది. అడుగున పొన్ను చదునుగా ఉండి, నిలబెట్టే చేతికి కాస్త ఓపిక ఉంటే చాలు. రోకలి బరువు ఆ పొన్ను మీద తిన్నగా పడినంతసేపూ అది ఒరగదు. పళ్లేనికీ నీళ్లకీ రాహువుకీ ఇందులో పనేమీ లేదు. గ్రహణం రోజు తప్ప మరో రోజు మనం నిలబెట్టి చూడం గనక, గ్రహణం వల్లే నిలబడిందనుకుంటాం. పిల్ల అడిగింది సరిగ్గా ఆ మరో రోజు గురించే.

ఈ కరపత్రం ఆ పిల్ల తరఫున వేశాం.

మన పిల్లలు చదవడం లేదని ఎవరూ అనలేరు. వీపు వంగిపోయేంత సంచీ మోస్తున్నారు. అయితే ఆ సంచీలో ఒక్కో సబ్జెక్టుకి ఒక్కటే పుస్తకం, దానికి తోడు ఓ గైడు. గైడులో ఉన్నట్టు రాస్తే మార్కులు, లేకపోతే సున్నా. ఎదురుగా ఒకే పుస్తకం ఉన్నవాడికి అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? దాన్ని పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికి ఇంకొకటి ఉండాలి.

ఊరి గ్రంథాలయంలో పాత బీరువా వెతికితే గ్రహాలు తొమ్మిదని చెప్పే పుస్తకం దొరకవచ్చు. కొత్త పుస్తకంలో ఎనిమిదే ఉంటాయి. మూడో తరగతి పిల్లాడి ముందు రెండూ పెట్టి ఊరుకోండి. పాతది తప్పంటాడు. ఎందుకురా అంటే, పాతది కాబట్టి అంటాడు. పాతవన్నీ తప్పేనా అంటే బుర్ర గోక్కుంటాడు. అప్పుడు చూపించండి, పుస్తకం అచ్చయిన సంవత్సరం ఏ పేజీలో ఉంటుందో. ఒకటి 1987, ఇంకొకటి 2010 అనుకుందాం. ఈ మధ్యలో ఏం జరిగింది? 2006 ఆగస్టులో ఖగోళ శాస్త్రవేత్తలు ప్రాగ్ నగరంలో సమావేశమై, దేన్ని గ్రహం అనాలో తేల్చి ఓటు వేశారు. ప్లూటో జాబితాలోంచి జారిపోయింది. ఆకాశంలో ఏదీ అంగుళం కదల్లేదు, మారింది మన లెక్క. ఆ మాట వాడే పట్టుకోవాలి, మీరు ముందే చెప్పేయకండి. గుళ్లో నవగ్రహాల్లో సూర్యుడూ చంద్రుడూ రాహుకేతువులూ ఎందుకున్నారని కూడా అడుగుతాడు. అడగనివ్వండి, అది ఇంకో లెక్క, ఇంకా పాతది.

కథలు మానేయమంటున్నామని కోప్పడకండి. చందమామ పత్రిక లేకపోతే మాలో సగం మందికి చదవడం మీద రుచే పుట్టేది కాదు. కథలో నక్క మాట్లాడితే నమ్మాలి, నమ్మకపోతే కథ సాగదు. అసలు నక్క ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో చెప్పే పుస్తకం కూడా ఇంట్లో ఉండాలనే మా గొడవంతా.

అలాంటివి తెలుగులో ఎక్కడున్నాయంటారా? మహీధర నళినీమోహన్ "గ్రహణాల కథ", "పిడుగు దేవర కథ" రాసి పెట్టారు. జన విజ్ఞాన వేదిక వారి "చెకుముకి" పత్రిక ఉంది. సికింద్రాబాద్ "మంచి పుస్తకం" వారు చిన్నపిల్లల కోసమే పుస్తకాలు వేస్తున్నారు. కొనే స్తోమత లేదా? ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీరు కడుతూనే ఉన్నారు. ఆ బీరువాలు మీవి. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు పంపి ఊరూరా చదివించారు. మనకు పడవ అక్కర్లేదు, వీధి చివరిదాకా నడిస్తే చాలు. పిల్లల పుస్తకాలు లేవంటే, కావాలని కాగితం మీద రాసి సంతకాలు పెట్టి ఇద్దాం.

అదీ కుదరని రోజున బిస్కెట్ ప్యాకెట్ చదివించండి. ముందువైపు గోధుమ కంకి బొమ్మ ఉంటుంది. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో పదార్థాల జాబితా ఉంటుంది. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని నిబంధన. మొదటి పేరు మైదా అయితే, ముందున్న కంకి సంగతేమిటో పిల్లే మిమ్మల్ని అడుగుతుంది. జవాబు మీ దగ్గర లేకపోతే "నాకూ తెలీదు, చూద్దాం పద" అనండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఎదురు ప్రశ్న వేస్తే పెద్దంతరం చిన్నంతరం లేదని కసురుతాం. కానీ 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృష్టినీ, అడిగి తెలుసుకునే గుణాన్నీ పెంచుకోవాలన్నది ఒకటి. రోకలి దగ్గర ఆ పిల్ల చేసింది పౌరధర్మం. కసిరిన మనమే తప్పాం.

వచ్చే ఆదివారం పొద్దున 9 గంటలకు మన గ్రంథాలయం అరుగు మీదికి రండి. పిల్లల్ని వెంటబెట్టుకు రండి. ఇంట్లో బల్లుల గురించో, బావుల గురించో, బస్సుల గురించో ఏ పుస్తకమున్నా పట్టుకు రండి. ఆ రోజు గ్రహణం లేదు. రోకలి మేం తెస్తాం.

ఇట్లు,
ఈ వీధి తల్లిదండ్రులు