అరువు జట్టుతో ఎన్నాళ్లు?

2023లో వరసగా 13 మ్యాచ్‌లు గెలిచిన జట్టు 2024లో 12 ఆడి రెండే గెలిచింది. 2025లో 12 ఆడి ఐదు గెలిచింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ మూడేళ్ల జాతకం ఇది. కోచ్ మారలేదు. తల్లహాసీలోని డోక్ క్యాంప్‌బెల్ స్టేడియం మారలేదు. డబ్బుకూ లోటు రాలేదు. మారింది ఆటగాళ్లే. వాళ్లు ఎందుకు మారారో తేల్చుకోకుండా వచ్చే సీజన్‌కు ఎవరొస్తారు, ఎవరు పోతారు అని రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) లెక్కలు వేసుకోవడం వృథా ప్రయాస. జట్టును ఏటా కొత్తగా కొని తెచ్చుకునే పద్ధతికి ఈ యూనివర్సిటీ, దాని బాటలో నడుస్తున్న మిగతావీ స్వస్తి చెప్పాలి. ఆటగాడికి రెండు మూడేళ్ల ఒప్పందం, డిగ్రీ చేతికొచ్చే దాకా భరోసా ఇవ్వాలి. తప్పు వెళ్లిపోతున్న కుర్రాళ్లది కాదు, వాళ్లను ఏడాది సరుకుగా చూస్తున్న యాజమాన్యాలది.

ఈ ఆటలో ప్రతి ఎత్తూ క్వార్టర్‌బ్యాక్ చేతుల్లోంచే మొదలవుతుంది. 2023లో ఫ్లోరిడా స్టేట్‌కు ఆ స్థానంలో ఉన్నవాడు జోర్డాన్ ట్రావిస్. నవంబరు 18న నార్త్ అలబామా లాంటి చిన్న జట్టుతో ఆడుతుండగా మొదటి క్వార్టర్‌లో బంతితో పరుగు తీశాడు. పట్టుకున్న ఆటగాడి కింద అతని ఎడమ కాలు మెలిపడింది. కాలికి కట్టు వేసి బండి మీద బయటికి తీసుకెళ్తుంటే స్టేడియం స్టేడియమంతా నిలబడిపోయింది. అయినా జట్టు చెదరలేదు. తర్వాతి వారం రెండో క్వార్టర్‌బ్యాక్‌తో యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాను 24-15తో ఓడించింది. అతనూ గాయపడితే, డిసెంబరు 2న మూడోవాడిని, మొదటి సంవత్సరం కుర్రాడిని దింపి లూయీవిల్‌పై 16-6తో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచింది. ఆ రాత్రి గెలిపించింది డిఫెన్స్.

మర్నాడే, జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కు కమిటీ నాలుగు జట్లను ఎంపిక చేసి ఫ్లోరిడా స్టేట్‌ను పక్కన పెట్టింది. ఓటమి ఎరుగని పెద్ద కాన్ఫరెన్స్ చాంపియన్‌ను నాలుగు జట్ల ప్లేఆఫ్‌లోకి రానివ్వకపోవడం అదే మొదటిసారి. ట్రావిస్ లేని జట్టు మునుపటి జట్టు కాదన్నది కమిటీ వాదన. ఒక్కడు పోతే జట్టు పోయినట్టేనా అని యూనివర్సిటీ భగ్గుమంది. ఆ కోపం న్యాయమైనదే. తన కాలు సీజన్ తొలినాళ్లలోనే విరిగి ఉంటే, జట్టంటే తానొక్కడే కాదని కమిటీ చూసి ఉండేదని ట్రావిస్ బాధపడ్డాడు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. డిసెంబరు 30న మయామీ దగ్గర జరిగిన సీజన్ ముగింపు మ్యాచ్ ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3తో చిత్తయింది. సగం ఆట ముగిసేసరికే 42-3. బౌల్ మ్యాచ్‌ల చరిత్రలో అంతకు మించిన తేడా లేదు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ వైపు చూస్తున్నవాళ్లు, వేరే కాలేజీలకు మారుతున్నవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి పాతిక మంది దాకా ఆ రోజు ఆడలేదు. వాళ్లకు నిబద్ధత లేదని టీవీ తెరల మీద నీతి పాఠాలు చెప్పారు. ఆ పాఠాలు చెప్పినవాళ్లు ట్రావిస్ సంగతి గుర్తు పెట్టుకోవాలి. అతన్ని ఎన్ఎఫ్ఎల్ జట్టు న్యూయార్క్ జెట్స్ 2024 డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్ల ఎంపిక) అయిదో రౌండ్‌లో తీసుకుంది. కానీ కాలు కుదుటపడలేదు. 2025 ఏప్రిల్‌లో, ఎన్ఎఫ్ఎల్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆటకు వీడ్కోలు పలికాడు. జాతీయ టైటిల్‌తో సంబంధం లేని మ్యాచ్‌లో కాళ్లు పణంగా పెట్టనన్న కుర్రాడిని స్వార్థపరుడనడానికి ఎవరికి నోరు వస్తుంది?

మరి యాజమాన్యం ఏం చేసింది? 2024 జనవరిలో అలబామా కోచ్ నిక్ సేబన్ రిటైర్ కాగానే, ఆ పదవికి మన కోచ్ పోతాడేమోనన్న బెంగతో మైక్ నోర్వెల్‌కు ఏటా కోటి డాలర్లకు పైబడిన దీర్ఘకాల ఒప్పందం రాసిచ్చింది. అదే నెలల్లో జట్టును మాత్రం ఏడాది లెక్కన కూర్చింది. ట్రావిస్ స్థానంలోకి డీజే ఉయాగలలేను తెచ్చింది. క్లెమ్సన్, ఓరెగన్ స్టేట్ తర్వాత అతనికిది మూడో కాలేజీ. అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకింగ్‌లో పదో స్థానంతో సీజన్ మొదలుపెట్టి, డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో 24-21తో ఓడింది. వారం తిరిగేసరికి సొంతగడ్డ మీద బోస్టన్ కాలేజీ చేతిలో 28-13. నవంబరు 9న నోట్రడామ్ చేతిలో 52-3. మర్నాడే ఆఫెన్స్, డిఫెన్స్ కోఆర్డినేటర్లిద్దరికీ ఉద్వాసన పలికారు.

2025లోనూ అదే మందు, అదే మోతాదు. ఈసారి క్వార్టర్‌బ్యాక్ టామీ కాస్టెలానోస్. సెంట్రల్ ఫ్లోరిడా, బోస్టన్ కాలేజీల మీదుగా వచ్చిన అతనికీ ఇది మూడో కాలేజీయే. ఆగస్టు 30న అలబామాను 31-17తో ఓడించగానే తల్లహాసీ ఊగిపోయింది. తర్వాత రెండు చిన్న జట్ల మీద 77, 66 పాయింట్లు కొట్టారు. ఆ తర్వాత వర్జీనియా, మయామీ, పిట్స్‌బర్గ్, స్టాన్‌ఫర్డ్ చేతుల్లో వరసగా నాలుగు ఓటములు. ఏదీ ఎనిమిది పాయింట్లు దాటిన తేడా కాదు. అంటే కొండంత వెనుకబడిన జట్టేమీ కాదు, ఆట బిగుసుకున్నప్పుడు ఒకరి కదలిక ఒకరికి అంతు చిక్కని జట్టు. ఇంకో లెక్కా ఉంది. 2024, 2025 సీజన్లలో ప్రత్యర్థుల మైదానాల్లో ఆడిన తొమ్మిది మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటీ గెలవలేదు. పరాయి ఊళ్లో, వేలమంది అరుపుల మధ్య, సైగలతోనే పని నడవాల్సిన చోట కలిసి ఆడిన అనుభవమే అక్కరకొస్తుంది. దాన్ని జనవరిలో చెక్కు రాసి తెచ్చుకోలేం.

ఒక్కడు లేకపోతే జట్టు లేదన్న కమిటీని అంత కోపంతో తిట్టిపోసిన యూనివర్సిటీ, వరసగా రెండేళ్లు అచ్చంగా ఆ నమ్మకంతోనే జట్టు కట్టింది. కొత్త క్వార్టర్‌బ్యాక్ ఒకడొస్తే చాలు, అంతా సర్దుకుంటుందనుకుంది. ‘అరువు సొమ్ము బరువు చేటు’ అని పెద్దలు ఊరికే అనలేదు.

2023 జట్టులో మాత్రం బయటి నుంచి వచ్చినవాళ్లు లేరా అని అడగొచ్చు. నిండుగా ఉన్నారు. ట్రావిస్ లూయీవిల్ నుంచి వచ్చాడు. జారెడ్ వర్స్ ఆల్బనీ నుంచి, ట్రే బెన్సన్ ఓరెగన్ నుంచి, జానీ విల్సన్ అరిజోనా స్టేట్ నుంచి వచ్చారు. కానీ ట్రావిస్ ఇక్కడ ఐదు సీజన్లు ఆడాడు. మిగతా ముగ్గురూ 2022లో వచ్చి రెండేళ్లున్నారు. వర్స్ మొదటి ఏడాది తర్వాతే ఎన్ఎఫ్ఎల్‌కు పోగలిగినా ఆగాడు. అలా కుదురుకున్న పునాది మీద కియాన్ కోల్మన్, బ్రేడెన్ ఫిస్క్ లాంటి ఏడాది ఆటగాళ్లు వచ్చి చేరారు కనుకనే ఆ జట్టు నిలిచింది, అందులోంచి పది మంది 2024 డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు. ఎక్కడి నుంచి వచ్చాడన్నది ప్రశ్నే కాదు. ఎన్నాళ్లు ఉన్నాడన్నదే ప్రశ్న. డ్యూస్ రాబిన్సన్‌నే తీసుకోండి. సదరన్ కాలిఫోర్నియా నుంచి వచ్చి 2025లో వెయ్యి గజాలకు పైగా బంతులు అందుకున్నాడు. ఇలాంటివాళ్లను నిలుపుకోవడమే రోస్టర్ నిర్మాణమంటే. వాళ్ల స్థానంలో మరొకరిని వెతకడం కాదు.

పాత రోజులే నయమనే వాదనతోనూ మేం ఏకీభవించం. 1976 నుంచి 2009 దాకా కోచ్‌గా ఉన్న బాబీ బౌడెన్ హయాంలో, 1987 నుంచి 2000 వరకు 14 ఏళ్లు ఏకధాటిగా ఈ జట్టు దేశంలో మొదటి ఐదింట నిలిచింది. నిజమే. కానీ అప్పట్లో కోచ్ రాత్రికి రాత్రి మరో కొలువుకు పోగలిగేవాడు, కాలేజీ మారిన ఆటగాడు ఏడాది పాటు ఖాళీగా కూర్చునేవాడు. కోట్ల ఆదాయం తెచ్చే కుర్రాడికి స్కాలర్‌షిప్పే ఎక్కువన్నారు. 2021లో అమెరికా సుప్రీంకోర్టు ఆల్‌స్టన్ కేసులో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏను ఏకగ్రీవంగా తప్పుబట్టింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మల మీద సంపాదించుకోగలిగారు. 2024లో కోర్టు జోక్యంతో ఎన్నిసార్లయినా కాలేజీ మారే స్వేచ్ఛ దక్కింది. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీతో, యూనివర్సిటీలే 2025-26 నుంచి, తొలి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా, ఆటగాళ్లకు నేరుగా పంచే వీలు కలిగింది. ఇవన్నీ ఆటగాళ్లకు న్యాయంగా రావలసినవే. వీటిని వెనక్కి లాక్కునేందుకు అమెరికా కాంగ్రెస్‌ను మినహాయింపులు అడుగుతున్న పెద్దల ప్రయత్నాన్ని గట్టిగా తిప్పికొట్టాలి.

సరైన దారి వేరే ఉంది. ఎన్ఎఫ్ఎల్‌లో జీతాల పరిమితి, డ్రాఫ్ట్ కోర్టుల్లో నిలబడుతున్నాయంటే ఆటగాళ్ల సంఘంతో కూర్చుని రాసుకున్న ఒప్పందం ఉండబట్టే. కాలేజీలూ ఆటగాళ్లను అవతలి పక్షంగా గుర్తించి బేరసారాలకు కూర్చోవాలి. అందులో మూడు షరతులు తప్పనిసరిగా ఉండాలి. ఒకటి, కనీసం రెండేళ్ల ఒప్పందం: మధ్యలో ఆటగాడు వెళ్తే అతనూ, కాలేజీ పంపేస్తే కాలేజీ పరిహారం కట్టాలి. రెండు, గాయపడినా, జట్టులోంచి తప్పించినా డిగ్రీ పూర్తయ్యే దాకా ఫీజు, వైద్యం కాలేజీవే. మూడు, కోచ్ ఒప్పందానికీ ఇలాంటి గీటురాయే. రెండేళ్లలో 24 ఆడి ఏడే గెలిచినా నోర్వెల్‌ను 2026కు కొనసాగించారు. తొలగిస్తే కట్టాల్సిన మొత్తం 5 కోట్ల డాలర్ల పైమాటేనని అక్కడి పత్రికలు లెక్కకట్టాయి. 2-10 సీజన్ తర్వాత ఆయన తన జీతంలో 45 లక్షల డాలర్లు వదులుకున్నారు, అందుకు మెచ్చుకుందాం. అయినా ఓడిన కోచ్‌కు దక్కే రక్షణలో పదో వంతు కూడా కాలు విరిగిన కుర్రాడికి లేకపోవడం ఏ ధర్మం?

ఇది మనకెందుకు అనుకునే తెలుగు తల్లిదండ్రులకు ఒక సంగతి. ఫ్లోరిడా స్టేట్ లాంటి ఫ్లోరిడా ప్రభుత్వ యూనివర్సిటీల ప్రాంగణాల్లో చదివే విద్యార్థులు ట్యూషన్‌తో పాటు ప్రతి క్రెడిట్ అవర్‌కూ అథ్లెటిక్స్ ఫీజు కడతారు. ఇక్కడ పొలమో ప్లాటో తాకట్టు పెట్టి పిల్లల్ని అక్కడికి పంపిన కుటుంబాలూ అందులో ఉన్నాయి. ఆ క్రీడా విభాగం డబ్బు ఎటు పోతోందని అడిగే హక్కు వాళ్లకుంది.

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తలుపు జనవరిలో తెరుచుకునేది రెండు వారాలే. ఆ రెండు వారాల్లో ఎంత మందిని తెచ్చారన్నది కాదు, 2025లో ఆడినవాళ్లలో ఎంత మంది 2027 దాకా ఉంటామని సంతకం పెట్టారన్నది యూనివర్సిటీ బయటపెట్టాలి. హైస్కూల్ నుంచి తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ ఒకరిని మూడేళ్లు తీర్చిదిద్దుతామని ట్రస్టీల బోర్డు ఎదుట మాట ఇవ్వాలి. అది చేయకుండా మూడో ఏడాదీ కొత్త పేర్లతో పాత ప్రకటనలే చేస్తే, ఆ ఓటముల బాధ్యత మైదానంలోని కుర్రాళ్ల మీదకు నెట్టడానికి వీల్లేదు. అప్పుడు రాజీనామా చేయాల్సింది ఆ ఒప్పందాలపై సంతకాలు పెట్టిన పెద్దలే.