తుపాకికి పూలు, తీర్పుకు మౌనం

2019 డిసెంబర్ 6 ఉదయం. ‘దిశ’ హత్యాచారం కేసులో నలుగురు నిందితులను షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసులు కాల్చి చంపారన్న వార్త ఢిల్లీకి చేరేసరికి పొగమంచు ఇంకా విడలేదు. కాసేపటికే జనం పోలీసులపై పూలు చల్లుతున్న దృశ్యాలు అన్ని తెరల మీదికీ వచ్చాయి. నేను అప్పుడు పనిచేస్తున్న చోట తెర మీద వేసినవి రెండే మాటలు: ‘న్యాయం జరిగింది’. పక్కన ప్రశ్నార్థకం లేదు. ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న కనీస జాగ్రత్త కూడా లేదు. ఆ మాటలు రాసింది నేను కాదు. కానీ ఆపమని చెప్పగలిగిన చోట కూర్చుని చెప్పలేదు.

ఈ వ్యాసం ఆ మౌనానికి సంజాయిషీ కాదు, అభియోగపత్రం. నిందితుల్లో నేనూ ఉన్నాను. స్త్రీల పక్షాన నిలబడ్డామని మీడియా అత్యంత గర్వంగా చెప్పుకున్న ఆ వారమే వారికి అత్యంత ద్రోహం చేసిన వారం కూడా. అది పొరపాటున జరిగింది కాదు. స్త్రీలపై హింసను మనం వార్తగా మార్చే పద్ధతిలోనే ఆ ద్రోహం ఇమిడి ఉంది.

ఆ కేసులో అడగవలసిన మొదటి ప్రశ్న నవంబర్ 27 రాత్రిదే. కూతురు కనిపించడం లేదని వెళ్లిన కుటుంబానికి ఎదురైంది ఆ ప్రాంతం ఏ ఠాణా పరిధిలోకి వస్తుందన్న తగవు. ఫిర్యాదు నమోదులో జాప్యం చేసినందుకు ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను తర్వాత సస్పెండ్ చేశారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ‘జీరో ఎఫ్ఐఆర్’ నమోదు చేయాలని కేంద్రం 2013లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఆరేళ్ల తర్వాత కూడా మహానగరపు అంచున అది ఎందుకు అమలు కాలేదు? ఈ ప్రశ్నకు ప్రభుత్వం జవాబు చెప్పుకోవలసిన సమయంలో తుపాకి పేలింది. ప్రశ్న మాయమైంది. ఏ వ్యవస్థ వైఫల్యం గురించి నిలదీయాలో ఆ వ్యవస్థ మీదే పూలు రాలాయి.

2022 మే నెలలో సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని కమిషన్ తేల్చింది. చనిపోయినవారిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కూడా చెప్పింది. వ్యవహారం హైకోర్టుకు చేరింది. 2019లో రోజుల తరబడి ప్రత్యక్ష ప్రసారాలు నడిపిన తెరల మీద ఈ నివేదికకు దక్కిన చోటెంత? తాము ‘న్యాయం’ అని ప్రకటించినదాన్ని ఒక న్యాయ కమిషన్ హత్య అంటుంటే, పాత శీర్షికను దిద్దుకున్నవారెవరు? పైగా అప్పటికి ఇది రెండో అనుభవం. 2008 డిసెంబర్‌లో వరంగల్ యాసిడ్ దాడి కేసు నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్‌లోనే చనిపోయారు. అప్పుడూ సంబరాలే. ఆ పదకొండేళ్లలో మన అమ్మాయిలకు భద్రత పెరిగి ఉంటే చటాన్‌పల్లి కథే ఉండేది కాదు.

ఇక అదే వారం, అదే రాష్ట్రంలో జరిగిన ఇంకో ఘోరం. నవంబర్ 24న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిన్నపాటి వ్యాపారం చేసుకునే ఒక దళిత మహిళను ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. పోలీసులు ఆమెకు ‘సమత’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఢిల్లీ తెరలకు చేరలేదు. మాకు కూడా దళిత సంఘాలు, మహిళా సంఘాలు ‘ఆమె ప్రాణం ప్రాణం కాదా’ అని రోడ్డెక్కిన తర్వాతే గుర్తొచ్చింది. విమానాశ్రయానికి దగ్గరలో, చదువుకున్న ఉద్యోగినికి జరిగితే దేశం వణికిపోవాలి. తండాల దారిలో దళిత స్త్రీకి జరిగితే జిల్లా ఎడిషన్ లోపలి పేజీ చాలు. ఈ తూకం ఎవరో బయటివారు నిర్ణయించింది కాదు, మన డెస్కుల మీద మనమే తూచాం.

ఆ కేసు ముగింపు చూడండి. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు సాక్షులను విచారించి, వాదనలు విని, 2020 జనవరి 30న ముగ్గురినీ దోషులుగా తేల్చి మరణశిక్ష విధించింది. ఉరి సరైన శిక్షేనా అన్నది వేరే చర్చ, నాకు ఆ శిక్ష మీద నమ్మకం లేదు. నేను చూపుతున్నది మరొకటి. ‘కోర్టులైతే ఏళ్లు పడుతుంది, అందుకే తుపాకి’ అని యాంకర్లు గొంతు చించుకున్న నాటి నుంచి రెండు నెలలు తిరక్కుండానే, అదే రాష్ట్రంలోనే, ఒక కోర్టు తన పని తాను ముగించింది. ప్రభుత్వం తలుచుకుంటే దర్యాప్తు సాగుతుంది, ప్రత్యేక కోర్టు ఏర్పడుతుంది, తీర్పు వస్తుంది. స్త్రీల హక్కుల కోసం మీడియా ఆ వేళ చెప్పవలసిన అతి పెద్ద వార్త అదే. తుపాకికి పూలు చల్లిన చేతులు ఆ తీర్పును చేతిలోకి తీసుకుని చదవనైనా లేదు.

ఈ జబ్బు తెలుగు నేలకే పరిమితం కాదు. 2012 డిసెంబర్ 16 తర్వాత ఢిల్లీ వీధుల్లో నిలబడి ‘ఉరి, ఉరి’ అని మైకులు అరిచాయి. ఆ ఆందోళన ఫలితంగా ఏర్పడిన జస్టిస్ వర్మ కమిటీ దేశమంతటి నుంచి వచ్చిన సూచనలు పరిశీలించి 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. అందులో ఉరిశిక్షకు సిఫారసు లేదు. ఉన్నది పోలీసు సంస్కరణల గురించి, సైన్యానికి ఉన్న ప్రత్యేక రక్షణల గురించి, భర్త చేసే అత్యాచారాన్ని నేరంగా గుర్తించడం గురించి. సర్కారు ఏం చేసింది? కమిటీ వద్దన్న ఉరిని కొన్ని సందర్భాలకు చట్టంలో చేర్చింది, కావాలన్న వైవాహిక అత్యాచార నిబంధనను పక్కన పెట్టింది. మీడియా ఉరినే అడిగింది కనుక ప్రభుత్వం చౌకగా బయటపడింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబర్‌లో హడావుడిగా ఆమోదించిన ‘దిశ’ బిల్లు కథా అంతే. 21 రోజుల్లో శిక్ష అన్న శీర్షికకు వచ్చిన ప్రచారంలో, ఆ బిల్లు రాష్ట్రపతి ఆమోదం పొంది చట్టం కాలేకపోయిందన్న సంగతికి ఎన్నో వంతు వచ్చింది?

భర్త అన్న మాట వచ్చింది కనుక అక్కడే ఆగుదాం. ఎందుకంటే అసలు హింస నివాసం అక్కడే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో స్త్రీలపై నేరాలకు సంబంధించి 4,45,256 కేసులు నమోదయ్యాయి. వాటిలో అతి పెద్ద వాటా, 31.4 శాతం, భర్త లేదా అతని బంధువుల క్రూరత్వానిది. అత్యాచారం కేసుల్లోనూ పదింట తొమ్మిదికి మించి నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్న స్త్రీలు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం.

ఈ నిశ్శబ్దాన్ని ఛేదించవలసిన మన నేర వార్తల భాష ఎలా ఉంది? అత్యాచారం చేసినవాడు ‘మృగాడు’, ‘కామాంధుడు’. అంటే మనలో ఒకడు కాడు, అడవి నుంచి వచ్చినవాడు. వెంటాడి గొంతు కోసినవాడు ‘ప్రేమోన్మాది’. హత్యలో కూడా ప్రేమనే వెతుకుతాం. భార్యను నరికినవాడి వార్తకు మన డెస్కులు దశాబ్దాలుగా పెడుతున్న శీర్షిక ‘అనుమానం పెనుభూతమై’. చంపింది అతను కాదట, అనుమానమట. తర్వాతి వాక్యంలో ‘క్షణికావేశం’, ఆ పైన ఆమె నడవడి గురించి ఇరుగుపొరుగు మాట. నిందితుడి తరపు వకీలు కోర్టులో చేయవలసిన వాదనను మనం మర్నాడు పొద్దున్నే ఉచితంగా అచ్చేసి ఇంటింటికీ పంచుతున్నాం. భర్తకు అత్యాచారం నుంచి ఇచ్చిన మినహాయింపును భారతీయ న్యాయ సంహిత యథాతథంగా ఉంచుకుంది. దాన్ని తొలగించడం అతి కఠినమవుతుందని కేంద్రం 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టుకు చెప్పింది. దాని మీద ఎన్ని చర్చా వేదికలు వెలిశాయి? ‘మృగాడు’ మన ఇంట్లోనే ఉన్నాడని ఒప్పుకోవలసి వచ్చే చర్చ కనుక ఎవరూ తెరవలేదు.

మీడియా అరవకపోతే ఈ మాత్రమైనా ఎవరు పట్టించుకునేవారని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో జరిగిన రమీజాబీ ఉదంతం జనాగ్రహంగా మారకపోతే జస్టిస్ ముక్తదర్ కమిషన్ వచ్చేదే కాదు. పోలీసులు ఆమెను వేశ్యగా చిత్రించబోయారు, కమిషన్ వారినే తప్పుబట్టింది. అయినా కోర్టులో వారు నిర్దోషులయ్యారు. ఆమె పేరే కేసు పేరైపోయింది. మధుర కేసుతో పాటు ఇలాంటి ఉదంతాలపై సాగిన పోరాటం ఫలితంగా 1983లో చట్టం మారింది, బాధితురాలి గుర్తింపు వెల్లడించడం నేరమైంది. 2020 సెప్టెంబర్‌లో హాథ్రస్‌లో కుటుంబాన్ని ఇంట్లో ఉంచి అర్ధరాత్రి ఆ అమ్మాయి చితి పోలీసులే వెలిగించిన దృశ్యాన్ని లోకానికి చూపింది ఒక మహిళా జర్నలిస్టు. ఆ ఊరికి బయల్దేరిన సిద్దిక్ కప్పన్ రెండేళ్లకు పైగా జైల్లో గడిపాడు. మీడియా పనికిరాదని నేను అనడం లేదు. అధికారాన్ని ప్రశ్నించినప్పుడు మాత్రమే అది స్త్రీలకు పనికొచ్చిందని అంటున్నాను. అధికారం చేతిలోని తుపాకికి హారతి పట్టినప్పుడు ఒక్కసారీ పనికిరాలేదు.

మనకు ఇంతకన్నా మంచి పాఠం ఇంట్లోనే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠం వారిని కదిలించింది. ‘ఈనాడు’ ఆ ఉద్యమానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించి, ఊరూరి వార్తనూ రోజూ అచ్చేసింది. ఆ మద్దతు వెనుక రాజకీయ లెక్కలున్నాయన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయినా ఒక తేడా గమనించాలి. ఆ పేజీల్లో స్త్రీ శవం కాదు, ఏడుస్తున్న తల్లి కాదు. వేలంపాట ఆపిన మనిషి, సర్కారు ఆదాయ లెక్కను ప్రశ్నించిన మనిషి. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేసే నాటికి అంత పట్టుదల పత్రికల్లో లేదు. హక్కు సాధించడానికి ఒక పేజీ కావాలి, నిలబెట్టుకోవడానికి ఏళ్ల తరబడి పేజీలు కావాలి.

చివరగా మన ఇంటి సంగతి. 2018 అక్టోబర్‌లో మహిళా జర్నలిస్టులు నోరు విప్పినప్పుడు కేంద్రమంత్రి పదవి వదులుకోవలసి వచ్చిన ఎం.జె. అక్బర్ అంతకుముందు పేరున్న సంపాదకుడు. ఆయన వేసిన పరువునష్టం కేసులో 2021 ఫిబ్రవరి 17న ప్రియా రమణి నిర్దోషిగా బయటపడ్డారు. దశాబ్దాల తర్వాతైనా స్త్రీ తన ఫిర్యాదు చెప్పుకోవచ్చని కోర్టు అంది. ఆ తర్వాత మన సంస్థల్లో ఏం మారింది? పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల చట్టం 2013లోనే వచ్చింది. జిల్లాల్లో గుర్తింపు కార్డు తప్ప నియామక పత్రం లేని మహిళా కంట్రిబ్యూటర్ ఏ కమిటీ ముందుకు వెళ్లాలి? ప్రపంచవ్యాప్తంగా జరిగిన 2020 నాటి మీడియా పరిశీలనలో, వార్తల్లో కనిపించే, వినిపించే మనుషుల్లో స్త్రీలు 25 శాతమే. స్త్రీల గురించి నలుగురు మగవాళ్లు అరుచుకునే చర్చల మధ్య పెరిగిన మనకు ఆ అంకె ఆశ్చర్యం కలిగించదు. 2024 ఆగస్టులో కోల్‌కతా వైద్యురాలి పేరు, ఫోటోలు తొలగించమని సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చిందంటే, 1983 నాటి పాఠం కూడా మనకింకా వంటబట్టలేదని అర్థం.

నేను కోరుతున్నవి పెద్ద కోరికలు కావు. మొదటి రోజు పతాక శీర్షికకు ఎంత చోటిచ్చామో తీర్పు రోజు అంత చోటివ్వాలి. పోలీసు చెప్పింది పోలీసు చెప్పినట్టే రాయాలి, నిజమని రాయకూడదు. ‘అనుమానం పెనుభూతమై’ బదులు ‘భార్యను చంపిన భర్త’ అని రాయాలి. ఫిర్యాదు తీసుకోని ఠాణా పేరు నిందితుడి పేరంత పెద్ద అక్షరాల్లో అచ్చు కావాలి. ఇతరుల సంస్థల్లో వేధింపుల కమిటీ ఏదని అడిగే ముందు మన సంస్థ గోడ మీద దాని సభ్యుల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఆ డిసెంబర్ ఉదయం రెండు మాటలు తెర మీద నాలుగైదు గంటలు వెలిగాయి. కమిషన్ నివేదిక వచ్చిన రోజు వాటిని వెనక్కి తీసుకుంటున్నామని చెప్పడానికి నాలుగైదు సెకన్లు చాలేవి. ఎవరూ చెప్పలేదు. నా వంతుగా ఇక్కడ చెబుతున్నాను: ఆ రోజు న్యాయం జరగలేదు.