తొమ్మిదీ కాదు, పదీ కాదు

‘సరిపోతుందిలే’ అన్న మాటంత ప్రమాదకరమైనది మన భాషలో మరొకటి లేదని నా వాదన.

ఇక్కడ అమెరికాలో నాకొక పాత షెవ్రొలే పికప్ ట్రక్కు ఉన్నది. దాని ముందు బ్రేకు కాలిపర్ పిన్నుల తలలో ఆరు పలకల గుంట ఉంటుంది. కొలత 3/8 అంగుళం, అనగా 9.525 మిల్లీమీటర్లు. 10 మి.మీ. అలెన్ కీ అందులో దూరదు, 9 మి.మీ.ది దూరి, అర మిల్లీమీటరు వదులుగా ఆడుతుంది. సాయానికి వచ్చిన మిత్రులొకరు ‘సరిపోతుందిలే’ అంటూ దానినే బలంగా తిప్పారు. గుంట పలకలు అరిగి గుండ్రమయ్యాయి. తుప్పు పట్టిన పిన్ను మాత్రం కదలలేదు.

ఇంత చిన్న పిన్నుకు ఇంత రాద్ధాంతమా అనేవారికి ఒక్క మాట. కాలిపర్ అటూ ఇటూ జరిగేది ఆ పిన్నుల మీదనే. అవి బిగుసుకుపోతే ఒక ప్యాడు అరిగిపోతుంది, రెండవది దాదాపు కొత్తదిగానే మిగులుతుంది. బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగవచ్చు. అప్పుడు ‘సరిపోతుందిలే’ అన్న పెద్దమనిషి ప్రక్క సీటులో ఉండడు.

కనుక ముందు గుంటలోని తుప్పు గీకండి. లోపల ఉన్నది ఆరు పలకలా, ఆరు రేకుల టార్క్స్ నక్షత్రమా చూడండి. కొలవండి. సరియైన బిట్ అడుగుదాకా దిగిన తరువాతనే తిప్పండి.

నా ట్రక్కు ఇంకా స్టాండు మీదనే ఉన్నది. ‘సరిపోతుందిలే’ వర్గంవారు ఒకసారి వచ్చి దర్శించుకొనవలసినదిగా మనవి.